పలకకెక్కని డాల్ఫిన్

నిన్న మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగున్నర దాకా, ఆదోనిలో మా ఇంటి ముందుగదిలో, ఇద్దరు ఆడవాళ్ళం ఒక సెల్‌ఫోన్‌ను స్టూలు మీద పెట్టుకుని, పొయ్యి మీది పాలకు కాపలా కాసినట్టు దానికి కాపలా కాశాం. ఆ ఇద్దరిలో ఒకరు నేను, డెబ్బై దాటినదాన్ని, ఇక్కడి కాలేజీలో ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పి, కప్పలను కోయించి, ఆ కప్పల ఉసురూ పిల్లల తిట్లూ కలిపి మూటగట్టుకుని రిటైరైన మనిషిని. రెండో ఆమె ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. పత్తి తీయడానికి పోయే కూలిమనిషి, ఊళ్ళో పనులు లేని నెలల్లో భర్తతో కలిసి గుంటూరు వైపు మిరపకోతలకు, మా వైపు మాటలో చెప్పాలంటే సుగ్గికి, పోయి వస్తుంటుంది. ఆమె కూతురు నేను రిటైరయ్యాక మా ఇంటికి వచ్చి, ఈ ముందుగదిలోనే గోడకానుకుని చదువుకున్న పిల్లల్లో ఒకతె.

ఆ అమ్మాయి ఇప్పుడు థాయ్‌లాండ్‌లో ఉంది. సముద్రంలో డాల్ఫిన్ల మీద పరిశోధన ఎలా చేయాలో విద్యార్థులకు దగ్గరుండి నేర్పే నాలుగు వారాల శిబిరానికి ఎంపికై పోయింది. నిన్న దానికి మొదటి రోజు. ఆ మొదటి రోజే పరీక్ష పెడతారని, పడవలో తీసుకుపోయి డాల్ఫిన్లను లెక్కపెట్టిస్తారని, లెక్క సరిగ్గా నిలిచినవాళ్ళను పడవకు ఉంచుకుని తక్కినవాళ్ళను ఒడ్డుమీది పనికి వేస్తారని మొన్న నాకు రాసింది. మాధవరం దగ్గర తుంగభద్రను తప్ప ఇంతకన్నా పెద్ద నీళ్ళను చూసి ఎరగని పిల్ల. పోతానని అన్నది అదే అయినా, దరఖాస్తు ముందు పెట్టి పెన్ను చేతికిచ్చింది నేను, జంకుతున్న తల్లిని ఒప్పించింది నేను, కనుక అక్కడ ఏదైనా తేడా వస్తే ముద్దాయిని నేనేనని నాకు బాగా తెలుసు.

ఫోను వాళ్ళింట్లోనూ ఉంది. అయినా ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా అంటే, "ఆ మాట ఒక్కదాన్నే ఇనేకి నాకు దైర్యం సాలలే మేడమ్" అంది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి పళ్ళెం చేతికిస్తే, తీసుకుని ఒళ్ళో పెట్టుకుందే తప్ప నోట్లో పెట్టుకోలేదు. "పాప మాట రానీ మేడమ్, తింటా" అంటుంది. ఆ పళ్ళెం వంక చూడలేక నేను కబుర్లలోకి దించుదామని చూస్తుంటే, తనే ఒక మాట అడిగింది. "మీరూ వయసులో ఉన్నప్పుడు ఇట్లనే పోయినారంట గదా, పాప సెప్పె. మొదటి దినం మీకేమైనాది?" అని. ఏమైందో ఆమెకు నిన్న చెప్పాను. నిన్నటి నుంచి అది నా తలలోంచి దిగడం లేదు గనుక మీకూ చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, కాలేజీలో టెంపరరీ లెక్చరర్‌ని. ఎమ్మెస్సీ చదివిన చోటి నుంచి మా ప్రొఫెసరుగారు ఒక ఉత్తరం రాశారు, శ్రీలంక పడమటి తీరాన డాల్ఫిన్లను గమనించడం నేర్పే శిబిరం ఒకటి జరగబోతోందని, ఆరుగురినే తీసుకుంటారని, నీ పేరు పంపాను అని. మా ఇల్లు ధాన్యం మండీ ఇల్లు. ముందు వైపు జొన్నల రాశులు, వెనక వైపు మేము. ఆ ఇంట్లో సముద్రం అనే మాట రామాయణం చదివేటప్పుడు తప్ప ఎప్పుడూ వినబడేది కాదు. ఉత్తరం సంగతి తెలియగానే మా అవ్వ ముక్కు మీద వేలేసుకుని, "సేపల్ని లెక్కబెట్టేకి సముద్రాలు దాటి పోవాల్నా అమ్మీ? మన సెరువులో కప్పలుండాయి, ఈడనే కూసోని లెక్కబెట్టు" అంది. డాల్ఫిన్లు చేపలు కావవ్వా, మనలాగే పిల్లలకు పాలిచ్చే జీవాలు అని నేను శాస్త్రం విప్పబోతే, పాలిచ్చేదైతే ఇంటికి తోలుకు రమ్మంది.

మా నాయన మాత్రం మూడోరోజు పొద్దున జొన్నల రాశి ముందు కూర్చుని, తల ఎత్తకుండానే, "పో. నీ కండ్లు మంచివి. ఆడికి పోయి కండ్లు పనికిరావనిపించుకోని మాత్రం రాగాకు" అన్నాడు. ఆ మాటకు ఒక కారణం ఉంది. అది చెప్పకపోతే తర్వాతి సంగతి మీకు అందదు.

మన కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గింజలను తూచడం కన్నా కొలవడమే ఎక్కువ. మా మండీలో ఇత్తడి కట్లు వేసిన కొయ్య పడి, అంటే కొలపాత్ర, ఒకటి ఉండేది. రైతు బండి దించి రాశి పోయగానే నాయన తూర్పు ముఖంగా కూర్చుని మొదటి పడి నింపి, దాన్ని కళ్ళకద్దుకున్నట్టు కాస్త పైకెత్తి, "లాభం" అని పాటలా సాగదీసి పోసేవాడు. ఒకటి అనేవాడు కాదు. తర్వాతి పడి రెండు, ఆ తర్వాతిది మూడు. మాటల సందట్లో లెక్క తప్పకుండా పక్కన ఒకరు చింతగింజలు పట్టుకుని కూర్చుని పడికొక గింజ చొప్పున పక్కన పెట్టాలి. ఆ పని ఆరేళ్ళ వయసు నుంచి పెద్దదాన్నయ్యే దాకా నాది. లాభానికి మాత్రం గింజ పెట్టకూడదు, అది దేవుడి పేర పోసిన పడి, దాని ముందు గింజ పెడితే కొలత కురచవుతుందని మా అవ్వ శాసనం. చివర్లో గింజలెన్నమ్మా అని నాయన అడిగితే నేను లెక్కపెట్టి చెప్పేదాన్ని, ఆయన దానికి లాభాన్ని కలుపుకుని, రైతుకు వినబడేలా గట్టిగా మొత్తం చెప్పేవాడు. ఎన్నడూ కలపడం మరవలేదు, ఒక్క పడి కూడా. నేను ఎన్నడూ కలిపింది లేదు, అది నా పని కాదు. ఇన్నేళ్ళలో నా గింజల లెక్క ఒక్కసారీ తప్పలేదని, పాప కళ్ళు డేగ కళ్ళని నాయన వచ్చిన రైతుకల్లా చెప్పుకునేవాడు.

అలా ఆ కళ్ళను పెట్టుకుని బయల్దేరాను. ఆదోని స్టేషన్లో మెయిలెక్కి మద్రాసు, అక్కడి నుంచి రామేశ్వరం, రామేశ్వరం నుంచి స్టీమరు. అవును, అప్పట్లో తలైమన్నారుకు స్టీమరు నడిచేది, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మా అన్న రామేశ్వరం దాకా వచ్చి, నా చేతికి కారప్పొడి సీసా, నిమ్మకాయ ఊరగాయ జాడీ ఇచ్చి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చి వెనుదిరిగాడు. నేను మొదటిసారి సముద్రాన్ని చూసింది ఆ పూటే. రెండు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊరి నుంచి, బిందెల వరుసలో నిలబడి పెరిగినదాన్ని. ఆ నీళ్ళను చూడగానే భక్తి గాని భయం గాని కలగలేదు, చెబితే నవ్వుతారు, కోపం వచ్చింది. ఇన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగడానికి లేకపోవడమేమిటని.

శిబిరం ఒక జాలరి ఊళ్ళో, కొబ్బరితోటలో పెంకుటింట్లో. మమ్మల్ని నడిపే మేడమ్ కొలంబో వైపు ఆమె, నెరిసిన జుట్టును మగవాళ్ళ టోపీలోకి దోపుకుని, పొడవు చేతుల చొక్కా వేసుకుని, గట్టిగా ఒక్క మాట అనకుండానే అందరినీ నిటారుగా నిలబెట్టే మనిషి. మొదటి రోజు పొద్దున ఆరుగురినీ ఒడ్డున వరుసగా కూర్చోబెట్టి నియమం చెప్పింది. ఈ ఒక్క రోజుకే పెద్ద పడవ. రేపటి నుంచి వచ్చే చిన్న పడవలో నలుగురు విద్యార్థులకే చోటు. సాయంత్రం ఎవరి లెక్క నిలుస్తుందో వాళ్ళు పడవలోకి, మిగిలిన ఇద్దరు మూడు వారాలూ ఒడ్డున ఉండి, అలలకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల ఎముకలు కడిగి, పడవవాళ్ళు తెచ్చిన కాగితాలు తిరగరాయాలి. అది కూడా గౌరవమైన పనే అని ఆమె అన్నది గాని, అది వింటూ ఆరుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్న తీరులో గౌరవమేమీ లేదు.

తర్వాత మా చేతికి ఏమిచ్చిందో తెలుసా? పలకా బలపమూ. కాగితం తడుస్తుంది, సిరా కారుతుంది, పలక మీద బలపం గీత తడిసినా కనబడుతుందని. మెళ్ళో తాడుతో పలక వేలాడదీసుకుని, ఎమ్మెస్సీ ప్యాసైనదాన్ని, ఇరవై ఆరేళ్ళకు మళ్ళీ ఒకటో తరగతిలో చేరాను. డాల్ఫిన్లు కనబడ్డప్పుడల్లా ఎవరూ పైకి అంకె చెప్పకూడదు, ఒకరి మాట ఇంకొకరి కంటిని లాగుతుంది. ఒక్కో జీవానికి ఒక్కో గీత గీసుకోవాలి. ఒడ్డుకు వచ్చాక గీతలు లెక్కపెట్టి పక్కన అంకె వేయాలి. ఇంతేగదా అనుకున్నాను. చింతగింజలకు బదులు గీతలు, నాకు తెలియని పని కాదు.

పడవ కదిలిన పావుగంటకే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ఆ రోజు గురువారం. మా వైపు సంగతి మీకు తెలుసు, మంత్రాలయం స్వామి పేర గురువారం ఒక్కపొద్దు ఉండని ఇల్లు తక్కువ. సముద్రానికి వారాలతో పనేమిటని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు, పొద్దున అందరూ కొబ్బరి రొట్టెలు తింటుంటే నేను కాఫీ చుక్కతో సరిపెట్టుకుని పడవెక్కాను. ఖాళీ కడుపుతో సముద్రం మీదికి పోకూడదని మాతో ఉన్న జాలరి ముసలాయన తమిళంలో గొణుగుతూనే ఉన్నాడు. సగం అర్థమయ్యింది, అర్థమయ్యేసరికి ఆలస్యమయ్యింది. పక్కన కూర్చున్న మలయాళీ అమ్మాయి, ఆ రోజుకు నా జంట, నా వీపు నిమురుతూ కూర్చుంది.

అప్పుడు వినబడింది, చూడకముందే వినబడింది. తొట్టిలో కడుపు నిండా నీళ్ళు తాగిన ఎద్దు మూతి ఎత్తి వదిలే ఊపిరి ఎలా ఉంటుందో, అచ్చం అదే. నల్లటి వీపు ఒకటి నీళ్ళలోంచి లేచి, వంగి, మునిగింది. దాని వెనక ఇంకొకటి. వాంతి, వికారం అన్నీ ఎటు పోయాయో తెలియదు. మనసులో లాభం, రెండు, మూడు అనుకుంటూ, వీపుమీది రెక్కల అంచులు చూసి ఏది ఇందాకటిదో ఏది కొత్తదో పోల్చుకుంటూ గీతలు గీశాను. ఆ పూట నాలుగుసార్లు కనబడ్డాయి. మూడోసారి పెద్ద గుంపు, అటూ ఇటూ లేస్తూ మునుగుతూ పిచ్చెక్కించింది. నాలుగోసారి, వెనక్కు తిరిగి వచ్చేటప్పుడు, ఎండ కళ్ళల్లో కొడుతుంటే, ఒంటరిది ఒకటి చాలా దూరాన లేచింది. దాన్ని మొదట చూసింది నేనే. నియమం మరిచిపోయి లేచి నిలబడి చెయ్యి చూపించాను, పడవ ఒరిగింది, ముసలాయన నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాడు. అందరూ నేను చూపిన వైపు తిరిగాకే దాన్ని చూశారు.

ఒడ్డుకు వచ్చాక గీతలు లెక్కపెట్టి అంకెలు వేసి పలకలు ఇచ్చేశాం. నాకు కాళ్ళ కింద నేల ఇంకా ఊగుతూనే ఉంది. మేడమ్ అరుగు మీద ఆరు పలకలూ, తన పలకా పక్కపక్కన పరుచుకుని చూడటం మొదలుపెట్టింది. మేము కొబ్బరిచెట్ల కింద కూర్చుని ఆమె మొహం చూడటం మొదలుపెట్టాం. నా పలక దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అటు జరిగి, ఇటు జరిగి, మళ్ళీ నా పలక దగ్గరే ఆగింది. తర్వాత నన్ను పిలిచింది.

మొదటి గుంపు ఆమె లెక్కలో ఏడు, నాది ఆరు. రెండోది నాలుగు, నాది మూడు. మూడోది పదకొండు, నాది పది. నాలుగోదానికి ఎదురుగా నా సొంత చేత్తో నేను సున్నా వేసి ఉన్నాను. నా తండ్రి డేగ కళ్ళని ఊరంతా చెప్పుకున్న కళ్ళు ఒక్కటీ సరిగ్గా చూడలేదు. మూడు వారాలు ఎముకలు కడిగి, ఇంటికి పోయి, జొన్నల రాశి ముందు కూర్చున్న ఆయనకు ఏమని చెప్పాలి? తప్పు జరిగిందండీ, నా కళ్ళు పనికిరావు అని నేనే అనేశాను, ఆమె అనకముందే అనేస్తే కాస్త తక్కువ నొప్పిగా ఉంటుందని.

ఆమె మాత్రం కోప్పడలేదు. ఆ ఒంటరి డాల్ఫిన్‌ను మాకందరికీ చూపించింది నువ్వే కదా, చూపించినదానివి సున్నా ఎలా వేశావు అని అడిగింది. నిజమే, ఎలా వేశాను? నాకే తెలియలేదు. ఆమె అరుగు పక్కన కుప్పగా పడున్న కొబ్బరికాయలు చూపించి, మీ ఇంట్లో ఎలా లెక్కపెడతావో అలా, మీ భాషలో, పైకి వినబడేలా లెక్కపెట్టు, ఒక్కోదానికి ఒక్కో గీత గియ్యి అంది. నేను బలపం పట్టుకుని కూర్చున్నాను. లాభం అని కాయను పక్కన పెట్టాను. రెండు అని ఒక గీత గీశాను. మూడు అని ఇంకో గీత.

పడవ తాళ్ళు చుట్టుకుంటున్న ముసలాయన పకపకా నవ్వాడు. మేడమ్ అటు తిరిగింది. ఆయన తమిళంలో గబగబా చెప్పాడు, మేడమ్ నాకు ఇంగ్లీషులో విప్పింది, వాళ్ళ వైపు కూడా ఇంట్లో వడ్లు కొలిచేటప్పుడు లాభం అనే మొదలుపెడతారని, ఒకటి అనరని, ఈ పిల్ల మొదటిదాన్ని దేవుడికి వదిలేసి గీత గీయడం లేదని. నేను పక్కన పెట్టిన ఆ మొదటి కాయ వంక తిరిగి చూశాను, దాని గీత పలక మీద లేదు. చింతగింజలు పెట్టిన అన్నేళ్ళలోనూ లాభాన్ని కలుపుకున్నది నాయనే. ఆయన పక్కన లేని చోట కలపాల్సిన మనిషి ఎవరూ లేరని, నేనే కలుపుకోవాలని నాకు తట్టనేలేదు.

మేడమ్ నా పలక తీసుకుని నాలుగు అంకెలకూ ఒక్కొక్కటి కలిపింది. ఏడు, నాలుగు, పదకొండు, ఒకటి. ఆ పదకొండు దగ్గర తక్కిన వాళ్ళల్లో ఒకరు తొమ్మిది వేశారు, ఒకరు పదమూడు వేశారు, నాకు వీపు నిమిరిన నా జంట పన్నెండు వేసింది. అప్పుడు ఆమె చెప్పిన మాట నేను తర్వాత క్లాసులో ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్క లేదు. కళ్ళు తప్పు చేస్తే ఒకసారి ఎక్కువ చేస్తాయి, ఒకసారి తక్కువ చేస్తాయి, ప్రతిసారీ ఒకే మోతాదులో తప్పిందంటే తప్పు కళ్ళది కాదు, అలవాటుది, అలవాటును దిద్దుకోవచ్చు అని. రేపు పొద్దున ఆరింటికి పడవ దగ్గర ఉండు, తిని రా అని కూడా అంది.

నేను బావి దగ్గరకు పోయి మొహం కడుక్కుంటూ ఏడ్చాను. ఎంత హాయిగా ఏడ్చానో ఈ వయసులో కూడా గుర్తుంది. మలయాళీ అమ్మాయికి కూడా పడవలో చోటు దొరికిందని తెలిసి ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం. ఒక్కపొద్దు సంగతి స్వామికి వదిలేసి, ఎర్రబియ్యపు అన్నంలో మా ఇంటి నిమ్మకాయ ఊరగాయ కలుపుకుని మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఇంటికి కార్డు రాశాను. కళ్ళు బాగున్నాయన్నారు, లాభం సంగతి వచ్చాక చెబుతాను అని. ఆ తర్వాతి మూడు వారాలూ మొదటి వీపు లేవగానే ముందు గీత గీసి, ఆ తర్వాతే లాభం అనుకునేదాన్ని. తిరిగి వచ్చి సంగతంతా చెబితే నాయన ఎంత నవ్వాడంటే పడి ఒలికిపోయింది. ఆ తర్వాత ఏ రైతు బండి దించినా ముందు ఈ కథ వినాల్సిందే. "మా పాప సముద్రంలోనూ లాబంతోనే మొదలుపెట్టినాది అప్పా" అని మొదలయ్యేది. అవ్వ మాత్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని వినీ వినగానే, "మరి అన్ని నీళ్ళు ఏమిటికమ్మీ?" అని నా కోపాన్నే పైకి అనేసి, ఇక సముద్రం సంగతి వినదల్చుకోలేదు.

నిన్న ఈ కథ ముగిసే సమయానికే స్టూలు మీది ఫోను టింగుమంది. నాకు కళ్ళజోడు కనబడలేదు, అది నా తల మీదే ఉంది. రాతపూర్వకంగా కాదు, మాటే పంపింది. నొక్కగానే ఆ పిల్ల గొంతు, వెనకాల గాలీ అలలూ. "మేడమ్, అయిపోయినాది మేడమ్, నన్ను పడవలోనే ఉండమన్నారు! అమ్మ ఆడనే ఉండాదా? అమ్మా, నేను పడలే, వాంతి కూడా చేసుకోలే. మేడమ్, మొదటిది లేసినప్పుడు నోట్లో మీ లాబమే వచ్చినాది. నవ్వొచ్చినాది. గానీ బొటనేలు మాత్రం నొక్కేసినా." ఇప్పుడు పలకలూ బలపాలూ లేవు. గుప్పిట్లో ఇమిడే లెక్కమిషన్ ఒకటి ఇస్తారట, ఒక్కో జీవానికి బొటనవేలితో ఒక్కసారి నొక్కితే అంకె మారుతుందట.

మాట అయిపోగానే నేను కుర్చీలో వెనక్కు వాలిపోయాను. తల్లి మటుకు ఫోను వంక చూడటం లేదు, తన కుడి చేతి బొటనవేలు వంక చూసుకుంటోంది. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ తాత రైతుల కళ్ళాల్లో కూలి గింజలు కొలిపించుకునేవాడట. "ఆ రెడ్డి పడి ఎత్తి లాబం అంటాండె మేడమ్. లాబం అనంగానే మా తాత ఎనకాల సెయ్యి పెట్టుకోని బొటనేలు మడుసుకుంటాండెనంట. వాళ్ళు లాబం అన్నా మనం ఒకటి అనుకోవాల పాపా, లేకపోతే అది లెక్కలోకి రాదు, అని మా యమ్మకు సెప్పె. మా యమ్మ నాకు సెప్పె. నేను పాపకు సెప్పినా."

ఇంత వయసు వచ్చాక, ఇన్నిసార్లు ఆ కథ చెప్పాక, నాకు ఆ వైపు ఎప్పుడూ తోచలేదు. కొలిచే చేతి పక్కన చింతగింజలు పట్టుకుని కూర్చున్న నాకు మొదటి పడిని కలుపుకునేవాడు ఒకడు ఉన్నాడన్న ధీమా ఉండేది. కొలిపించుకునేవాళ్ళకు ఆ ధీమా లేదు. మా నాయన కలపడం మరిచినవాడు కాడు, అది నాకు తెలుసు. కానీ మరిచినవాళ్ళూ ఉన్నారని, అందుకే ఒక ముసలాయన వీపు వెనక వేలు మడుచుకుని నిలబడ్డాడని నాకు నిన్ననే తెలిసింది. ఆ వేలే నిన్న ఎక్కడో థాయ్‌లాండ్ సముద్రం మీద, నేను చేసిన తప్పు చేయకుండా, సరిగ్గా నొక్కింది. ఆ పిల్లకు లెక్క నేర్పింది నేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కొంచెం సిగ్గేసింది, సంతోషం మాత్రం కొంచెం కాదు, చాలా వేసింది.

ఆమె అప్పుడు ఉగ్గాని పళ్ళెం దగ్గరకు తీసుకుంది. చల్లారిపోయింది, వేడి చేసి తెస్తానంటే వద్దంది. ఒక్క బొరుగు మిగల్చకుండా తిని, బజ్జీలు మాత్రం ఇంట్లో మొగుడి కోసమని కాగితంలో చుట్టుకుంది. నేను ఇంకో నాలుగు వేసి ఇచ్చాను. బస్టాండు దాకా తోడు వెళ్ళాను. ఆమె బస్సు కిటికీలోంచి బొటనవేలు పైకెత్తి చూపించి నవ్వింది.

తిరిగి వస్తూ మా పాత మండీ ముందుగా నడిచాను. ఇప్పుడక్కడ ఎలక్ట్రానిక్ కాటా ఉంది, బస్తా పెట్టగానే ఎర్రటి అంకెలు వెలుగుతాయి, దానికి లాభం తెలియదు, దేవుడు తెలియడు, ఒకరి మాట ఒకరు నమ్మాల్సిన పని లేదు. మంచిదే, ఆ కాటా ముందు ఎవరూ వీపు వెనక వేలు మడుచుకోనక్కర్లేదు. అయినా నాయన గొంతులో సాగే ఆ మొదటి మాట వినబడని మండీ నాకు మూగబోయినట్టే ఉంటుంది. ఇంటికి వచ్చి రాత్రికి బియ్యం పోసుకుంటూ, మొదటి గ్లాసుకు అలవాటు కొద్దీ లాభం అన్నాను. అని, వెనక్కు చెయ్యి పెట్టుకుని, ఎవరూ చూడకపోయినా, బొటనవేలు మడుచుకున్నాను.